సొర కార్జం మీద పెట్టిన దురాయి

మీ బిడ్డ కంట్లో పువ్వు పడుతుంటే, దాన్ని ఆపగల మందు బజారులో రంగుకాగితం అంటించిన సీసాలో మెరుస్తుంటే, ఆ మందుకు కావలసిన సరుకు మీ చేతుల మీదుగానే పోయి ఉంటే, ఆ మందు తయారుచేసిన పెద్దమనిషిని మీరు ఏమని పిలుస్తారు?

తొందరపడి జవాబు చెప్పకండి. ఆయన దొంగ కాడు. ఎవరి ఇంట్లోనూ దూరలేదు, ఎవరినీ కొట్టలేదు. ఇస్తానన్న ధర కూడా ఎగ్గొట్టలేదు. పైగా ఆయన నా మిత్రుడు. అందుకే ఈ సంగతి రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది.

నెల్లూరులో చదువుకునే రోజుల్లో మేమిద్దరం ఒకే బెంచీ. జాతకాలు, శకునాలు, దయ్యాలు, అంటు, మడి, ఏ విషయం మీద సభ జరిగినా ఇద్దరం వాటికి ఎదురు నిలబడి వాదించేవాళ్లం. వాదన అతను మొదలుపెడితే నేను ముగించేవాణ్ణి. ఒక గ్రహణం పూట ఊరంతా పస్తుంటే సభ జరిగే హాలు మెట్ల మీద కూర్చుని, దారిన పోయేవాళ్లందరూ చూస్తుండగా ఉప్మా తిన్నాం. మా ఇళ్లలో వారం పాటు మాతో సరిగా మాట్లాడలేదు. మాకు అదే గర్వం. ఆ తర్వాత అతను వైద్యం చదివాడు. బోర్డు కట్టుకుని ప్రాక్టీసు పెట్టకుండా దూరపు యూనివర్సిటీలో పరిశోధనకు చేరాడు. నేను కావలికి తూర్పున, సముద్రం ఒడ్డున, పట్టపువాళ్లు చేపలు పట్టుకుని బతికే ఒక పాలెంలో పంతులుగా కుదిరాను. పందొమ్మిది వందల యాభైల చివరి సంవత్సరాలవి. తాటాకు బడి. ఉప్పుగాలికి నల్లబల్ల చెమ్మగిల్లి సుద్దముక్క జారిపోయేది.

ఒక శీతాకాలం అతను మా పాలేనికి వచ్చాడు. నన్ను చూడడానికి కాదు, ఒక చిక్కుముడి విప్పడానికి. పాలేనికి పడమరగా పడవల కాలువ ఉంది. కాలువకు అవతల వరి పండించే ఊళ్లు. ఆ ఊళ్లలో చిన్నపిల్లలు చాలామంది పొద్దుగూకితే గోడలు తడుముకునేవాళ్లు. రేచీకటి. కొందరికి అది ముదిరి కళ్లే పోయేవి. కాలువకు ఇవతల, మా పాలెంలో, ధాన్యం తక్కువ, కూరగాయ కంటికి కనబడదు. అయినా మా పిల్లలు మసక చీకట్లో ఇసుక మీద పీతల్ని తరిమేవాళ్లు. పడమటి ఊళ్లలో దీన్ని పూర్వజన్మ పాపమనేవారు. పాపం కాలువ దాటదా అని అతను నవ్వాడు. నాకు పాత రోజులు గుర్తొచ్చాయి.

అతనికి జవాబు దొరికింది ఒక ముసలామె పొయ్యి దగ్గర. ఎండుచేపలు గంపలో పెట్టుకుని కావలి సంతకు నడిచిపోయే మనిషి ఆమె. కొడుకు, కోడలు ఇద్దరూ పోయారు, మూడునాలుగేళ్ల మనవరాలు ఒక్కతే మిగిలింది. మేం వెళ్లేసరికి మూకుడులో ఏదో వేయిస్తోంది.

"ఏం వండుతున్నావవ్వా?"

"కార్జం నాయనా. సొర కార్జం. తింటావా, వాసనకే పరిగెత్తుతావా?"

మిత్రుడు కూర్చున్నాడు. ఒకసారి వేయించుకుని తిని, మళ్లీ వేయించుకున్నాడు. ఆమె నా వైపు చూసి మూతి విరిచింది.

"మా పంతులయ్య ఉండాడు సూడు, వచ్చి ఇన్ని దినాలైనా ఒక్క ముక్క ముట్టలా. బుద్ధులు మాత్రం బాగా చెప్తాడు."

సొర చేప దొరికిన రోజు పాలెంలో కార్జం, అంటే దాని కాలేయం, పొయ్యెక్కని ఇల్లుండేది కాదు. మిగిలింది కాచి, ఆ నూనె తెప్పలకూ పడవలకూ పూసేవాళ్లు. మా పిల్లల చూపు నిలుపుతున్నది ఇదేనని తోచి మిత్రుడు కొంత కార్జం ఉప్పువేసి డబ్బాలో తీసుకుపోయాడు. కొన్ని నెలల తర్వాత శుభ్రమైన పసుపురంగు నూనెతో తిరిగొచ్చాడు. కాలువ అవతలి పిల్లల్ని మా బడికి పిలిపించి రోజూ చెంచాడు పట్టించాం. పొద్దు వాలాక బడిముందు ఇసుకలో గవ్వలు చల్లి ఏరమనేవాడు. మొదట్లో చేతులు గాల్లో తడుముకున్న పిల్లలు, పక్షం తిరక్కుండానే ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటూ ఏరారు. ఒక తల్లి అతని కాళ్ల మీద పడబోయింది.

"నాకెందుకమ్మా, సొరకు మొక్కు" అన్నాడు.

ఆ సాయంత్రం నేను చూసింది నిజం. ఇప్పటికీ ఒప్పుకుంటాను. మందు నిజం, అతని బుర్ర నిజం. ఈ కథ విని సైన్సు మీద నమ్మకం పోగొట్టుకునేవాళ్లు నా పాఠకులు కారు.

తర్వాత అతను పెద్ద ఆలోచనతో వచ్చాడు. ఇసుకలో బొమ్మ గీసి నాకు వివరించాడు.

"చూడోయ్, పరిశోధన కాగితం మీద ఉంటే చెదలకు పనికొస్తుంది. దాన్ని సీసాలోకి దించాలి, ఆ సీసా బిడ్డ నోటిదాకా పోవాలి. యూనివర్సిటీకి పద్ధతి తెలుసు, డబ్బు లేదు. నెల్లూరులో ఒక మిల్లు యజమాని ఉన్నాడు, డబ్బుంది, పద్ధతి తెలియదు. మీ పాలెంలో సరుకుంది. ముగ్గురూ కలిస్తే ఈ తీరంలో రేచీకటన్న మాటే ఉండదు."

నేను ఎగిరి గంతేశాను. మేం సభల్లో అరిచిన అరుపులన్నిటికీ ఇప్పుడొక ప్రయోజనం దొరుకుతోంది కదా అనుకున్నాను. ఒడ్డున రేకుల షెడ్డు వేశారు. బాయిలరు దింపారు. ఒకటే చిక్కు. కార్జం చెదిరిపోతోంది. ఇంత వంటకు పోతోంది, ఇంత తెప్పల పూతకు పోతోంది, ఇంత తిరుగుబేరగాళ్లు ఎత్తుకుపోతున్నారు. షెడ్డుకు నికరంగా సరుకు అందకపోతే మిల్లు యజమాని డబ్బు పెట్టనన్నాడు.

పాలెం కులపెద్దను అందరూ పెద్దకాపు అంటారు. ఆయన దగ్గర మిత్రుడు ఈ మాట ఎత్తాడు. ఆయన గడ్డం గోక్కుని, "అంతేగదా, దురాయి పెడదాం" అన్నాడు.

దురాయంటే పాలెం అంతా కూడి, గంగమ్మ పేరున సముద్రపు నీళ్లు చేత్తో పట్టుకుని పెట్టుకునే కట్టుబాటు. ఫలానా వల వాడకూడదు, ఫలానా చోట వేటాడకూడదు అని పెడతారు. పెట్టాక దాటినవాడు లేడు. దాటితే వాడితో ఎవరూ తెప్ప ఎక్కరు, వాడి ఇంటికి నిప్పు కూడా ఇవ్వరు. నేను అడ్డం పడ్డాను. మిత్రుణ్ణి పక్కకు లాగి, గంగమ్మ పేరున ఒట్లు పెట్టించడమేమిటి, మనం పోరాడింది దీనిమీద కాదా అన్నాను.

"నీ వాదన తర్వాత విందాం. చీకట్లో తడుముకునేది నువ్వు కాదు, పిల్లలు" అన్నాడు.

నేను పక్కకు తప్పుకున్నాను.

మరునాడు ఉదయం పాలెం అంతా అలల అంచున నిలబడింది. దొరికిన సొర కార్జం ముక్క కూడా మిగలకుండా ఒప్పుకున్న ధరకు షెడ్డుకే పోవాలి, ఎవరి పొయ్యీ ఎక్కకూడదు అని పెద్దకాపు చెప్పాడు. అందరూ నీళ్లు పట్టి వదిలారు. తర్వాత ఆయన మిత్రుడి వైపు తిరిగి, "డాక్టరయ్యా, నీ మాట కూడా చెప్పు" అన్నాడు. మిత్రుడు ప్యాంటు మడిచి మోకాటిలోతు నీళ్లలోకి దిగాడు. అందరిలాగే దోసిట నీళ్లు పట్టాడు.

"ఈ నూనె కాలువకు ఇటూ అటూ ఉన్న బడిపిల్లలందరికీ రోజూ ఉచితంగా అందుతుంది. అది నా పూచీ."

ఇక్కడే ఒక సంగతి మీరు గమనించాలి. బయటి లోకంలో ఇచ్చిపుచ్చుకోవడమంటే ఒకదానికి ఒకటి ముడి. అది రాకపోతే ఇది లేదు. పట్టపువాళ్లు ఆ ముడి వెయ్యలేదు. నూనె రాకపోతే దురాయి పోతుందని ఎవరూ అనలేదు, ఎంతకాలమో కూడా చెప్పుకోలేదు. నీళ్లలో నిలబడి దోసిలి పట్టినవాడు మాట తప్పుతాడన్న ఊహ వాళ్లకు లేదు. దురాయి పెట్టించినవాడు కూడా దురాయిలో ఉన్నట్టే అనుకున్నారు. వాళ్లలో వాళ్లకు అది ఏనాడూ తప్పలేదు మరి.

మొదటి ఏడాది నూనె వచ్చింది. డబ్బా మూత తీస్తే బడి సగం ఖాళీ అయ్యేది. ఒకడు కిటికీ దూకేవాడు, ఇంకొకడు చెంచా కొరికి పట్టుకుని వదిలేవాడు కాదు. ముసలామె మనవరాలికి అప్పుడే బడి ఈడొచ్చింది. నూనె మింగాక నాలుక బయటపెట్టి, "పంతులయ్యా, నువ్వూ తాగు, నీకూ కండ్లద్దాలు పోతాయి" అనేది. పిల్లలందరూ నవ్వేవాళ్లు. నేను తాగాను కూడా.

రెండో ఏడాది డబ్బాలు ఆలస్యమయ్యాయి. తర్వాత పలచబడ్డాయి. ఆ తర్వాత ఆగిపోయాయి. బాయిలరు మాత్రం ఆగలేదు. కార్జం రోజూ షెడ్డుకు పోతూనే ఉంది, పీపాలు లారీలో నెల్లూరుకు పోతూనే ఉన్నాయి. కావలి బజారులో ఒక మందుల కొట్టు ముందు నేను ఆగిపోయిన రోజు గుర్తుంది. అద్దాల వెనక వరసగా సీసాలు. కాగితం మీద బుగ్గలు ఉబ్బిన బాబు బొమ్మ. నారింజ రుచి అని రాసి ఉంది. కొట్టువాడు ఒకటి తీసి చూపించి, "యూనివర్సిటీ వాళ్ల ఫార్ములా సార్. పెద్దింటి పిల్లలందరూ ఇదే తాగుతుండారు" అన్నాడు.

మిత్రుడికి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. మొదట్లో "కొంచెం ఓపిక పట్టు" అని వచ్చింది. తర్వాత అదీ రాలేదు.

ఆ ఏడు తట్టు పాలేన్ని చుట్టేసింది. పిల్లలు వరసగా పడ్డారు. ముసలామె మనవరాలు జ్వరం తగ్గి లేచింది గాని, చిక్కిపోయింది. ఒక సాయంత్రం బడి వదిలాక ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇంకా వెలుతురు ఉంది. తోటి పిల్లలు పరిగెత్తారు. ఈ పిల్ల మాత్రం చేత్తో తాటిగుంజ పట్టుకుని, కాలితో నేల వెతుక్కుంటోంది. దగ్గరికి తీసుకుని కళ్లు చూశాను. తెల్లగుడ్డు మీద సబ్బు నురుగు ఎండినట్టు మచ్చ. మా మిత్రుడు నాకు నేర్పిన గుర్తు అదే.

నేరుగా ముసలామె గుడిసెకు పోయాను.

"అవ్వా, పిల్లకు రేచీకటి. వెంటనే కార్జం పెట్టు. ఇవాళే."

"యాడుండాది పంతులయ్యా? అంతా షెడ్డుకు పోతుండాదిగదా."

"ఈ ఒక్కపూట ఆపుకో."

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"దురాయి ఉండాది. నేను దాటితే రేపు నా చేప ఎవురు కొంటారు? ఈ పిల్లను ఎవురు ఎత్తుకుంటారు? నువ్వెత్తుకుంటావా?"

పెద్దకాపు వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన ముందు కూర్చుని నాకు తెలిసిన వాదన అంతా చేశాను. దురాయి మనుషులు పెట్టుకున్నదే, మనుషులు తియ్యవచ్చు అన్నాను. గంగమ్మ అనేది ఒక పేరే, పేరుకు భయపడి పసిదాని కళ్లు తీస్తారా అన్నాను. ఆయన వల కిందపెట్టలేదు.

"పంతులా, గంగమ్మ లేదంటావు. సరే, లేదనుకో. మాట కూడా లేదంటావా?"

"అవతలివాడు తప్పాడు కదా!"

"తప్పినాడో, తట్టుకోలేక ఆగినాడో మనకేం తెలుసు? ఆయన వచ్చి, ఇంక చాలప్పా అంటే చాలు. పెట్టించినోడు లేకుండా తీసేది మా తాతల నాడు కూడా లేదు. పోయి పిలుచుకురా."

కావలిలో సీసా కొనవచ్చు కదా అని మీరు అడుగుతారు. కొన్నాను. మరునాడు పొద్దున్నే కావలికి పోయి, నా దగ్గరున్న డబ్బుకు వచ్చిన ఒక్కటీ తెచ్చి ముసలామె చేతిలో పెట్టి, రోజూ పట్టమన్నాను. కాని పాలెంలో పిల్ల ఒక్కతే కాదు, తట్టు నుంచి లేచినవాళ్లందరి పొయ్యిల మీదా దురాయి ఉంది. అందుకే ఆ సాయంత్రమే రైలెక్కాను.

యూనివర్సిటీలో మిత్రుడి గది విశాలంగా ఉంది. నన్ను చూసి నిజంగానే సంతోషించాడు. కాఫీ తెప్పించాడు. పరిశోధనను ప్రజల ముంగిటికి చేర్చడం ఎలా అనే ప్రసంగం తయారుచేసుకుంటున్నాడు, బల్ల మీద కాగితాలు పరిచి ఉన్నాయి. నేను ఆ పిల్ల సంగతి చెప్పాను. విన్నాడు. బాధపడ్డాడు కూడా. నటన అనుకోను.

"బడిపిల్లలకు ఇచ్చింది ట్రయల్‌లో భాగమోయ్. ట్రయల్ అయిపోయింది. ఫలితం బ్రహ్మాండంగా వచ్చింది. ఇప్పుడు పద్ధతి మిల్లు యజమాని పెట్టిన కంపెనీది. ఉచితంగా పంచితే వాళ్లకేం మిగులుతుంది?"

"నీళ్లలో దిగి నువ్వు చెప్పిన మాట?"

"అప్పటికి అది నిజమే. పరిస్థితులు మారాయి. నేనిప్పుడు వాళ్లకు సలహాదారుణ్ణి మాత్రమే, యజమానిని కాదు."

"సరే, నూనె వద్దు. ఒక్కసారి వచ్చి చాలు అని చెప్పు. వాళ్ల కార్జం వాళ్లు వండుకుంటారు."

అతను వచ్చి చాలంటే షెడ్డుకు సరుకు ఆగిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. చివరికి అతను అన్న మాటను నేను ఈనాటికీ జీర్ణించుకోలేదు.

"గంగమ్మ ఒట్టు విప్పడానికి నేను అంతదూరం రావాలా? నువ్వేనా ఈ మాట అడిగేది? అదంతా మూఢనమ్మకమని వాళ్లకు నచ్చజెప్పు. నీ పని అదే కదా."

గ్రహణం పూట నా పక్కన కూర్చున్న మనిషే ఇతను. మేమిద్దరం కలిసి పదునుపెట్టిన మాటల్ని, తన పూచీ నుంచి తప్పుకోవడానికి నా మీదికే తిప్పాడు. ఒట్టు కావలసినప్పుడు అతనికి గంగమ్మ పనికొచ్చింది. విప్పవలసినప్పుడు మూఢనమ్మకమైపోయింది. పూజారి చేసే పని ఇంతకన్నా భిన్నంగా ఉంటుందా? పూజారి కనీసం హేతువాదినని చెప్పుకోడు.

బల్ల సొరుగులోంచి సీసాలు తీసి సంచిలో పెట్టాడు. వద్దని విసిరికొట్టాలనిపించింది. విసరలేదు. పిల్ల కళ్లు నా పౌరుషం కన్నా ముఖ్యం.

నేను తిరిగొచ్చేసరికి ఎడమ కంట్లో పువ్వు పడింది. నల్లగుడ్డు మీద తెల్లగా, చిన్న గవ్వంత. నేనిచ్చిపోయిన సీసాను ముసలామె తట్టు పడి లేచిన చుట్టుపక్కల పిల్లలందరికీ తలా కాస్త పంచింది. ఒక్కదానికే పట్టడం ఆమెకు చేతకాలేదు. తెచ్చిన నూనె ఆ క్షణమే పిల్ల నోట్లో పోశాను. ఎడమ కన్నుకు ఇక లాభం లేదని నాకు తెలుసు. కుడి కన్నుకు గడువుందో లేదో తెలియదు.

ఆ సాయంత్రం పాలెం కూడింది. అతను రానన్నాడని చెప్పాను. ఎందుకు రానన్నాడో కూడా ఒక్క మాట దాచకుండా చెప్పాను.

ముసలామె లేచింది. అందరి మధ్యా మూడు రాళ్లు పెట్టి నిప్పు చేసింది. షెడ్డుకు పోవాల్సిన గంపలోంచి కార్జం తీసి మూకుట్లో వేసింది.

"ఎవురన్నా ఆపేటోళ్లుంటే రండి. ఈ పిల్లకు ఒక కన్నుండాది. అది కూడా కంపెనీకి ఇయ్యమంటే, ముందు నన్ను సముద్రంలో తొయ్యండి."

ఎవరో ఒక కుర్రవాడు, "దురాయి అవ్వా..." అని గొణిగాడు.

"నువ్వు నోరు మూసుకోరా! నీ పెండ్లాం నిండుచూలాలు. రేపు నీ బిడ్డకు ఏం పెడతావు, నీ దురాయి పెడతావా?"

పెద్దకాపు తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన ఇటువంటిది ఎన్నడూ చేసి ఉండడు, ఆ సంగతి మొహంలో తెలుస్తోంది.

"రాలేనన్నోడైతే ఆగుదాం. రానన్నాడు. ఆ మాటను ఎగతాళి చేసినాడు. అట్టాంటోడికి మనం కట్టుబడేదేంది? తీసేస్తుండాం. తప్పుంటే అది నా నెత్తిన."

నీళ్లలోకి ఒంటరిగా దిగి, దోసిలి పట్టి వదిలాడు. తర్వాత వచ్చి మూకుడు దగ్గర కూర్చున్నాడు. ఆ రాత్రి నేను కూడా మొదటిసారి కార్జం తిన్నాను. ఆ వాసన నాకు నచ్చలేదు, అబద్ధం చెప్పను.

లారీ వచ్చి ఖాళీగా పోయింది. మళ్లీ మళ్లీ వచ్చి, ఒకరోజు బాయిలరును కూడా ఎక్కించుకుని పోయింది. కంపెనీకి నష్టమేమీ రాలేదు. వేరే రేవుల్లో సరుకు దొరికింది. మిత్రుడు తన ప్రసంగం చాలా ఊళ్లలో ఇచ్చాడని, చప్పట్లు కొట్టారని విన్నాను. మా తీరం పిల్లల పేరు చెప్పే ఇచ్చాడట. ఆ పిల్లకు కుడి కన్ను నిలిచింది. కాలువ అవతలి ఊళ్లలో మాత్రం రేచీకటి తిరిగొచ్చింది. వాళ్లకు సముద్రం లేదు, కార్జం లేదు, ఎదురుతిరగడానికి దురాయి కూడా లేదు. వాళ్ల పిల్లల్లో ఎందరికి కళ్లు పోయాయో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాల్సినవాడు ట్రయల్ అయిపోయిందన్నాడు.

రేపు మీ ఊరికి కూడా ఎవరో ఒకరు వస్తారు. మీ ఆకు, మీ నెత్తురు, మీ ఇంటి వైద్యం, మీ బిడ్డల జబ్బు అడుగుతారు. మంచివాళ్లే అయి ఉంటారు. వాళ్లను తరిమేయకండి, వాళ్ల చదువు మనకు కావాలి. కాని ఇచ్చేముందు ఊరందరి ఎదుట నిలబెట్టి అడగండి. తయారైన మందు మాకెప్పుడు వస్తుంది? ఎంతకాలం వస్తుంది? నీ పరిశోధన అయిపోయాక మాకు జవాబు చెప్పేదెవరు? సూటిగా చెప్పకపోతే ఒక్క ఆకు కూడా తుంచి ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చేసి, తిరిగి ఏమీ రాక ఎదురుచూస్తున్నారా? ఇంట్లో కూర్చోకండి. పదిమందిని వెంటబెట్టుకుని, మాట ఇచ్చినవాడు కూర్చున్న గది తలుపు కొట్టండి. తీసేదాకా కొడుతూనే ఉండండి.